ముందు డ్రమ్స్, చివర మాటలు: ది నేషనల్ ఆల్బమ్ వినడానికి సమగ్ర మార్గదర్శి

ది నేషనల్ పాటలు మొదటిసారి విన్నవాళ్ళు ఎక్కువగా చెప్పేది రెండు ముక్కలు: "అన్నీ ఒకేలా ఉన్నాయి", "ఆయన పాడట్లేదు, గొణుగుతున్నాడు". అలా అనిపించడంలో తప్పేమీ లేదు. మన చెవులు సినిమా పాటతో పెరిగాయి. సినిమా పాటలో గొంతు అన్నిటికంటే ముందు నిలబడుతుంది, పల్లవి త్వరగా వచ్చేస్తుంది, ప్రతి మాటా స్పష్టంగా వినపడుతుంది. ఈ అమెరికన్ ఇండీ రాక్ బ్యాండ్‌లో గొంతు వాద్యాల మధ్యలో కలిసిపోయి ఉంటుంది. పల్లవి అనదగినది కొన్ని పాటల్లో అసలు ఉండదు. అందుకే పల్లవి కోసం ఎదురుచూస్తూ రెండు నిమిషాలు విని, విసుగొచ్చి తీసేస్తారు.

నాకు ఈ బ్యాండ్ చాలా ఇష్టం. వీళ్ళ ఆల్బమ్‌లోకి వెళ్ళడానికి నాకు తెలిసిన దారి ఇది: గొంతుని పక్కన పెట్టి ముందు డ్రమ్స్ వెంట వెళ్ళాలి. గాయకుడు మాట్ బెర్నింగర్ తన బాధని చాలావరకు లోపలే పెట్టుకుని పాడతాడు. ఆ లోపలి టెన్షన్ బయటికి తెలిసేది బ్రయన్ డెవెన్‌డార్ఫ్ డ్రమ్స్‌లో. డ్రమ్స్ అర్థమయ్యాక గొంతు, గొంతు అలవాటయ్యాక మాటలు. కింద ఉన్న అంచెలన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

ఉదాహరణకి 2023లో వచ్చిన రెండు ఆల్బమ్‌లని తీసుకుంటున్నాను. 'ఫస్ట్ టూ పేజెస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' ఏప్రిల్ 28న వచ్చింది. ఐదు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ 18న, ముందస్తు ప్రచారం పెద్దగా లేకుండా 'లాఫ్ ట్రాక్' వచ్చింది.

1. ముందు మనుషుల్ని తెలుసుకోండి

దీనికి పది నిమిషాలు చాలు. బ్యాండ్‌లో ఐదుగురు. అందరూ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి వాళ్ళు. బ్యాండ్ మాత్రం 1999లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదలైంది. ఆరన్ డెస్నర్, బ్రైస్ డెస్నర్ కవలలు. ఇద్దరూ గిటార్, పియానో వాయిస్తారు. స్కాట్ డెవెన్‌డార్ఫ్ బేస్ గిటార్, ఆయన తమ్ముడు బ్రయన్ డ్రమ్స్. అంటే రెండు జతల అన్నదమ్ములు, వాళ్ళ మధ్య అన్నదమ్ముల జత లేని ఐదో మనిషి బెర్నింగర్.

ఎవరు ఏం చేస్తారో తెలిస్తే వినేటప్పుడు ఉపయోగపడుతుంది. సాధారణంగా బాణీకి తొలి రూపం ఆరన్ దగ్గర మొదలవుతుంది. ఆయన వాద్యాలతో చేసిన ముక్కలు పంపితే బెర్నింగర్ వాటి మీద మాటలు రాసుకుంటాడు. 2020లో టేలర్ స్విఫ్ట్‌తో ఆరన్ చేసిన రెండు ఆల్బమ్‌లు కూడా దాదాపు ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. వాటి ద్వారా ఈ బ్యాండ్ దగ్గరికి వచ్చిన శ్రోతలు చాలామంది ఉన్నారు, మీరూ అలాగే వచ్చి ఉండొచ్చు. బ్రైస్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్న స్వరకర్త. పాటల్లో వినిపించే వయొలిన్లు, చెల్లోలు, హారన్‌ల (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాల) అమరిక ఎక్కువగా ఆయన పని. మాటల్లో బెర్నింగర్‌కి ఆయన భార్య కారిన్ బెస్సర్ తోడుంటుంది. ఆమె 'ది న్యూయార్కర్' పత్రికలో కథల విభాగానికి ఎడిటర్‌గా పనిచేసింది.

2. ఫోన్, ఇయర్‌ఫోన్స్, సెట్టింగులు

ఫోన్ స్పీకర్ మీద ఈ ఆల్బమ్ వినకండి. ఇది నాణ్యత గురించి చెప్పే గొప్పల మాట కాదు. బేస్ గిటార్‌లో లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. బెర్నింగర్ గొంతు మంద్ర స్థాయికి దిగినప్పుడు 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ ఆ ధ్వనుల్ని సరిగ్గా పలికించలేదు. పాట కిందిభాగం పోయి, పై భాగం మాత్రమే మీకు చేరుతుంది. అప్పుడు "గొణుగుతున్నాడు" అనిపించక మానదు.

ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు. చెవిలో సరిగ్గా కూర్చునే మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు. రబ్బరు బుడిపె మీ చెవికి వదులుగా ఉంటే బేస్ మొత్తం కారిపోతుంది. పెట్టెలో వచ్చిన మూడు సైజులూ పెట్టి చూసి, ఏది బిగువుగా ఉంటే దాన్ని వాడండి. బ్లూటూత్‌వైనా పర్లేదు.

యాప్‌లో నాలుగు పనులు చేయండి. షఫుల్ ఆపేయండి. ఒక పాట ముగుస్తుండగానే ఇంకో పాట కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ ఆపేయండి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌లలో పాట చివరి పది సెకన్ల నిశ్శబ్దం కూడా పాటలో భాగమే. ఆడియో క్వాలిటీని మీ ప్లాన్‌లో ఉన్నంతలో పై స్థాయికి పెట్టండి. ఈక్వలైజర్‌లో ఇదివరకు పెట్టుకున్న 'బేస్ బూస్ట్' లాంటివి తీసేయండి. అది ఉంటే కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ ఒకే ముద్ద అయిపోతాయి. ఉచిత ఖాతా అయితే పాటల మధ్య యాడ్స్ వస్తాయి. దిగులు పాట ముగిసిన మరుక్షణం మొబైల్ రీచార్జి ప్రకటన వస్తే ఆ మూడ్ తిరిగి రావడం కష్టం. అందుకని ఒక నెలకైనా ప్రీమియం తీసుకోవడం మేలు, లేదా ఆల్బమ్ డిజిటల్ కాపీ కొనుక్కోండి.

ఇంకో చిన్న విషయం, మన ఇళ్ళకి సంబంధించినది. ఫుల్ స్పీడులో తిరిగే సీలింగ్ ఫ్యాన్ హోరు ఈ పాటల మెల్లటి ఆరంభాల్ని మింగేస్తుంది. కుదిరితే ఫ్యాన్ తగ్గించుకోండి. బస్సులో అయితే ఇంజన్ రొద బేస్ గిటార్‌ని మింగేస్తుంది. మూడోసారో నాలుగోసారో వినడానికి బస్సు బాగానే ఉంటుంది. మొదటిసారికి మాత్రం వద్దు.

మాటలు వినపడట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి. పాట మెల్లగా మొదలై చివర్లో విరుచుకుపడటం వీళ్ళకి అలవాటు. మొదటి నిమిషానికి సరిపోయే వాల్యూమ్ పెడితే ఐదో నిమిషంలో చెవులు నొప్పెడతాయి.

3. చెవికి ఒక చిన్న సాధన

కొత్త ఆల్బమ్ తెరిచే ముందు పాత పాట ఒక్కటి వినండి: 2007లో వచ్చిన 'బాక్సర్' ఆల్బమ్‌లో మొదటి పాట, 'ఫేక్ ఎంపైర్'. పియానోతో మొదలవుతుంది. ఆ పియానోలో ఏదో సరిగ్గా కుదరనట్టు, ఒక చేయి ఇంకో చేతిని తరుముతున్నట్టు ఉంటుంది. కారణం సింపుల్. ఒకే వ్యవధిలో ఒక చేయి మూడు దెబ్బలు, ఇంకో చేయి నాలుగు దెబ్బలు వేస్తుంది. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి తిశ్రం, చతురశ్రం ఒకేసారి నడుస్తున్నట్టు అనుకుంటే వెంటనే అర్థమవుతుంది.

తెలియకపోయినా టేబుల్ మీద చేసి చూడొచ్చు. నోటితో ఒకటి నుంచి పన్నెండు దాకా సమానంగా లెక్కపెట్టండి. ఎడమచేత్తో 1, 5, 9 అంకెల మీద కొట్టండి. అది చేతికి పట్టాక, కుడిచేత్తో 1, 4, 7, 10 మీద కొట్టండి. ఇప్పుడు రెండూ కలపండి. ఒకటి దగ్గర రెండు చేతులూ కలుస్తాయి, ఆ తర్వాత పన్నెండు దాకా ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పోతాయి, మళ్ళీ ఒకటి దగ్గర కలుస్తాయి. మెల్లగా చేయండి, కాసేపట్లో పట్టుబడుతుంది.

ఇప్పుడు ఆ పాట మళ్ళీ వినండి. గొంతు నిద్రమత్తులో ఉన్నంత ప్రశాంతంగా ఉంటే, దాని కింద పియానో ఎక్కడా కుదురుగా నిలబడదు. పాట సగానికి వచ్చేసరికి డ్రమ్స్ అందుకుంటాయి, చివర హారన్లు చేరతాయి. పైన ప్రశాంతత, కింద కుదురులేనితనం. ది నేషనల్ పాటల నిర్మాణం చాలావరకు ఇదే. ఇది ఒక్కసారి చెవికి దొరికితే కొత్త ఆల్బమ్‌లో దీన్నే రకరకాల రూపాల్లో గుర్తుపడతారు.

4. మొదటి వినికిడి: 'లాఫ్ ట్రాక్', మొదటి నుంచి చివరిదాకా

విడుదలైన వరుస ప్రకారం 'ఫ్రాంకెన్‌స్టైన్' ముందు వినాలి. నేను మాత్రం 'లాఫ్ ట్రాక్'తోనే మొదలుపెట్టమంటాను. రెండు ఆల్బమ్‌ల పాటల్లో చాలావరకు ఒకే కాలంలో పుట్టాయి. కానీ 'ఫ్రాంకెన్‌స్టైన్'లో డ్రమ్ మెషిన్, ప్రోగ్రామ్ చేసిన లయలు ఎక్కువ. 'లాఫ్ ట్రాక్' సమయానికి బ్యాండ్ ఊళ్ళు తిరుగుతూ ఈ పాటల్ని వేదికల మీద వాయిస్తోంది. బ్రయన్ డ్రమ్స్‌కి మళ్ళీ చోటు దొరికింది. డ్రమ్స్ వెంట నడవడం నేర్చుకోవాలంటే మనిషి చేతులు వాయించిన ఆల్బమే అనువు.

పన్నెండు పాటలు. గంట ఖాళీ చూసుకోండి. లిరిక్స్ తెరవొద్దు. రివ్యూలు చదవొద్దు. ఏ పాటనీ వెనక్కి తిప్పొద్దు, దాటేయొద్దు. నచ్చిందా లేదా అని నిర్ణయించుకునే పని కూడా ఈరోజు లేదు. ఈ ఒక్కసారికి మీ పని డ్రమ్స్ ఏం చేస్తున్నాయో గమనించడమే.

మొదటి పాట 'ఆల్ఫబెట్ సిటీ' నింపాదిగా సాగుతుంది, లయ వెనక్కి తగ్గి ఉంటుంది. తొందరపడి ముందుకి జరపకండి. దాని తర్వాత వచ్చే 'డీప్ ఎండ్' ఉరుకు తెలియాలంటే ఈ నిదానం అవసరం. ఆ రెండో పాటలో డ్రమ్స్ పరుగెడతాయి, గొంతు మాత్రం పరుగెత్తదు. ఈ తేడా మీద చెవి పెట్టండి. మూడోది 'వియర్డ్ గుడ్‌బైస్'. ఇది 2022 ఆగస్టులోనే విడిగా విడుదలైంది, ఆల్బమ్‌లోకి మాత్రం ఇక్కడే చేరింది. అమెరికన్ ఇండీ బృందం బాన్ ఇవేర్ గొంతు తోడుంటుంది. లయ చిన్నచిన్న ముక్కలుగా, గుండెదడ లాగా కొట్టుకుంటూ ఉంటుంది. పాట మాత్రం నెమ్మదైన పాటే.

నాలుగైదు పాటలయ్యాక అలసట వస్తుంది. అన్నీ ఒకేలా ఉన్నాయనే మాట మనసులోకి వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఆగకండి. ఏడో పాట 'స్పేస్ ఇన్వేడర్' దాకా వెళ్ళండి.

ఈ పాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది దాదాపు ఏడు నిమిషాలు ఉంటుంది. మొదటి సగం మామూలు ది నేషనల్ పాటే: గుంభనంగా నడిచే బాణీ, పాత విషయాన్ని తవ్వుకునే గొంతు. సగం దాటాక పాట అయిపోతోందేమో అనిపిస్తుంది, పలచబడిపోతుంది. అప్పుడు డ్రమ్స్ మొదలుపెడతాయి. ఒకే తీరు లయ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ ఇంకొంచెం బరువు చేరుతుంది. గిటార్లు దాని చుట్టూ లేస్తాయి. చివరి నిమిషాల్లో పాటని మోసేది పూర్తిగా డ్రమ్సే. మొదటి సగంలో గొంతు చెప్పీ చెప్పకుండా వదిలేసినదంతా రెండో సగంలో డ్రమ్స్ చెప్పేస్తాయి. మొదటి వినికిడిలో మీకు ఈ ఒక్క పాట రెండో సగం గుర్తుండిపోతే చాలు, ఆ గంట వృథా కానట్టే.

ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊపిరి పీల్చుకోవచ్చు. 'క్రంబుల్'లో గాయని రోజాన్ క్యాష్ గొంతు వింటారు. ఆమె వల్ల పాటకి అమెరికన్ కంట్రీ సంగీతపు రుచి వచ్చింది. చివరిది 'స్మోక్ డిటెక్టర్', ఎనిమిది నిమిషాలకి కాస్త తక్కువ. దీని పుట్టుక తెలుసుకుని వింటే బావుంటుంది. 2023 జూన్‌లో కెనడాలోని వాంకూవర్‌లో కచేరీకి ముందు సౌండ్ చెక్ చేస్తూ వాయించినదే ఇది. సౌండ్ చెక్ అంటే మైకులు, స్పీకర్లు సరిచూసుకునే రిహార్సల్. అందుకే ఇందులో నునుపు లేదు. గిటార్ తిరిగిందే తిరుగుతుంది, బెర్నింగర్ పాడటం మానేసి దాదాపు మాట్లాడతాడు, బ్యాండ్ ఆయన వెనకాల మంట పెంచుతూ పోతుంది. మిగతా ఆల్బమ్ అంతా ఆచితూచి మాట్లాడిన మనిషి చివర్లో ఆ అదుపు వదిలేశాడు. ఆ తేడా తెలియాలంటే మిగతా పదకొండూ విన్నాకే ఈ పాట వినాలి. షఫుల్ వద్దన్నది ఇందుకే.

5. ఒకరోజు విరామం, తర్వాత రెండో వినికిడి

అదే రోజు మళ్ళీ పెట్టకండి. ఒకరోజు వదిలేస్తే ఏ ముక్క మీ తలలో తిరుగుతోందో తెలుస్తుంది. చాలాసార్లు అది మీకు బాగా నచ్చిందనుకున్న ముక్క కాదు.

రెండోసారి డ్రమ్స్‌ని అలా నడవనిచ్చి బేస్ గిటార్ వెతకండి. స్కాట్ డెవెన్‌డార్ఫ్ వాయిద్యం తనంతట తాను కనపడదు. అన్న బేస్, తమ్ముడి డ్రమ్స్ ఎక్కడ కలిసి పడుతున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. ఆ తర్వాత రెండు గిటార్లు. ఒక్కోసారి ఒకటి ఎడమ చెవిలో, ఇంకోటి కుడి చెవిలో ఉంటుంది. ఒక ఇయర్‌ఫోన్ తీసేసి అర నిమిషం విని, మళ్ళీ పెట్టి రెండోది తీసేసి చూస్తే ఎవరేం వాయిస్తున్నారో విడివిడిగా దొరుకుతుంది. పాట మొత్తం ఇలా వినక్కర్లేదు. కవలలిద్దరూ ఒకే బాణీని ఎలా పంచుకుంటారో పట్టుకోవడానికి ఆ కాస్తా చాలు.

తీగవాద్యాలు చివర్న వెతకండి. బ్రైస్ వాటిని సినిమా బీజీఎంలో లాగా ముందుకి తీసుకురాడు. గొంతు ఆగిన చోట, గిటార్ల వెనక, సన్నటి పొరలా ఉంటాయి.

6. గొంతు

బెర్నింగర్‌ది బారిటోన్ గొంతు. కింద స్థాయిలో నడుస్తుంది, పైకి ఎక్కడం తక్కువ. వాక్యం చివర మాటని పూర్తిగా పలక్కుండా వదిలేయడం ఆయన అలవాటు. ఇది గొంతు చాలకపోవడం అనుకోకండి. 2005 నాటి 'అలిగేటర్' ఆల్బమ్ చివరి పాట 'మిస్టర్ నవంబర్' వినండి, అక్కడ గొంతు చించుకుని అరుస్తాడు. అరవగలిగినవాడు అరవకపోవడం వేరు. ఇది తెలిశాక ఆ గొణుగుడు మీకు ఇంకోలా వినపడుతుంది.

ఈ అంచెలో తోడు గొంతులు బాగా సాయపడతాయి. 'లాఫ్ ట్రాక్' పేరుతోనే ఉన్న ఆరో పాటలో గాయని ఫీబీ బ్రిడ్జర్స్ ఉంది. 'ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆమె రెండు పాటల్లో, గాయకుడు సుఫ్యాన్ స్టీవెన్స్ మొదటి పాటలో, టేలర్ స్విఫ్ట్ 'ది ఆల్కాట్'లో వినిపిస్తారు. వీళ్ళెవరూ అతిథి పాత్రలో వచ్చి ఒక చరణం పాడి వెళ్ళిపోరు. బెర్నింగర్ కింద స్థాయిలో పాడుతుంటే వాళ్ళు ఆయన మీద పలచగా కప్పుకుంటారు. 'ది ఆల్కాట్'లో మాత్రం అది జవాబు: ఆయన ఒక మాట అంటాడు, ఆమె మధ్యలో అందుకుంటుంది. ఒకే సంఘటనని ఇద్దరు రెండు వైపుల నుంచి గుర్తు చేసుకుంటున్నట్టు ఉంటుంది. గొంతు వినడం అలవాటు కాని వాళ్ళకి నేను ముందుగా చెప్పే పాట అదే.

7. ఇప్పుడు మాటలు

ఇప్పుడు లిరిక్స్ తెరవండి. ఆల్బమ్ కవర్‌లో ఉన్నవైనా, యాప్‌లో కనపడేవైనా. ముందు పాట లేకుండా ఉత్తగా చదవండి, తర్వాత పాటతో కలిపి.

ఈ మాటల్లో వాదన వెతికితే దొరకదు, వస్తువులు దొరుకుతాయి. బెర్నింగర్, బెస్సర్ రాసే పద్ధతి అది. బంధం తెగిపోతోందని చెప్పరు, ఇంట్లో సామాను చూపిస్తారు. 'ఫ్రాంకెన్‌స్టైన్'లో రెండో పాట 'యూకలిప్టస్' దీనికి మంచి ఉదాహరణ. విడిపోతున్న జంట ఇంట్లో వస్తువులు పంచుకుంటున్నారు. ఇది ఏం చేద్దాం, అది ఏం చేద్దాం అని ఒక్కొక్కటీ అడగడం, నువ్వే తీసుకో అనడం. పాటంతా ఆ జాబితానే. ఎవరూ ఏడవరు. జాబితా పెరిగేకొద్దీ వెనక బ్యాండ్ పెరుగుతుంది. విడాకుల దాకా వెళ్ళిన ఇల్లు చూసినవాళ్ళకి ఆ "నువ్వే తీసుకో"లో ఎంత పంతం, ఎంత ప్రేమ కలిసి ఉంటాయో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

'స్పేస్ ఇన్వేడర్' మొదలయ్యేది కూడా ఒక వస్తువుతోనే. ప్రేమించిన మనిషికి ఇచ్చిన రికార్డు కవర్‌లో దోపిన ఉత్తరం. ఆ ఉత్తరమే రాయకపోయి ఉంటే ఏమయ్యేది? అలా ఒకదాని వెంట ఒకటి 'ఒకవేళ'లు పేరుకుంటాయి. ఇప్పుడు ఆ పాట రెండో సగం మళ్ళీ వినండి. మీరు మొదటిరోజు విన్న డ్రమ్స్ ఆ 'ఒకవేళ'ల తర్వాత వచ్చాయని తెలిశాక అవే డ్రమ్స్ మరోలా తగులుతాయి. మాటలు ముందే చదివి ఉంటే ఇది జరగదు. చదివిన మాటల కోసం చెవి వెతుక్కుంటుంది, డ్రమ్స్ వెనక్కిపోతాయి.

మాటలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రతి పాటా బెర్నింగర్ సొంత జీవితం అనుకోకండి. ఇద్దరు కూర్చుని రాసే మాటలు ఇవి. వాళ్ళు కలిసే ఉంటూ విడిపోయే పాటలు రాస్తారు. జరిగితే ఎలా ఉంటుందో అన్న భయం కూడా పాటకి సరుకే.

8. ఆ తర్వాత 'ఫ్రాంకెన్‌స్టైన్'

'లాఫ్ ట్రాక్' మూడు నాలుగుసార్లు విన్నాక ఈ ఆల్బమ్‌కి రండి. పదకొండు పాటలు. దీని వెనక కథ ఉంది. దీనికి ముందు బెర్నింగర్ ఏడాదికి పైగా డిప్రెషన్‌లో ఉన్నాడు. ఒక్క పంక్తి కూడా రాయలేని స్థితి. ఆ రోజుల్లో మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' అందుకుని మొదటి పేజీలు చదివితే, ఆర్కిటిక్ వైపు ప్రయాణం గురించిన ఆ వర్ణన ఆయనలో ఏదో కదిలించింది. ఆల్బమ్ పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

ఇది తెలిశాక పియానో, గొంతు తప్ప పెద్దగా ఏమీ లేని మొదటి పాట 'వన్స్ అపాన్ ఎ పూల్‌సైడ్' ఎందుకంత బోసిగా ఉందో తెలుస్తుంది. మళ్ళీ నడక నేర్చుకుంటున్న మనిషి అడుగులు అవి. ఐదో పాట 'ట్రాపిక్ మార్నింగ్ న్యూస్' వచ్చేసరికి డ్రమ్స్ స్థిరంగా పరిగెడతాయి. ఫోన్‌లో చెడు వార్తలు ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోయే అలవాటు గురించిన పాట ఇది; ఆ అలవాటుకి బెస్సర్ పెట్టిన పేరే పాట పేరైంది.

నా ఉద్దేశంలో ఈ ఆల్బమ్ నడిమి భాగం గట్టిది, చివర్లో కాస్త చదునుగా అనిపిస్తుంది. కానీ ఆఖరి పాట 'సెండ్ ఫర్ మి' దాకా వెళ్ళండి. ఎక్కడ చిక్కుకున్నా కబురు పెట్టు, నేనొస్తాను అనే పాట. చాలా సాదా మాటలు. ఈ బ్యాండ్ ఇంత సూటిగా ధైర్యం చెప్పడం అరుదు.

9. ఇంకా పట్టుబడకపోతే

ఐదారుసార్లు విన్నా చలించకపోతే బలవంతం వద్దు. కొన్నాళ్ళు వీటిని పక్కన పెట్టి పాత ఆల్బమ్ ఏదైనా విని చూడండి. ఊపు కావాలంటే 2010 నాటి 'హై వయొలెట్'. ఎలక్ట్రానిక్ శబ్దాలు ఇష్టమైతే 2017 నాటి 'స్లీప్ వెల్ బీస్ట్', దీనికి ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఆడ గొంతులు ఎక్కువ కావాలంటే 2019 నాటి 'ఐ యామ్ ఈజీ టు ఫైండ్'.

ఒకే పాట పదేపదే వినాలనిపిస్తే మొహమాటపడకండి. బ్యాండ్ అంతకంటే ఎక్కువే చేసింది. 2013 మేలో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియంలో, ఐస్లాండ్ కళాకారుడు రాగ్నర్ కార్టన్సన్ ఆలోచనతో, 'హై వయొలెట్'లోని 'సారో' అనే మూడున్నర నిమిషాల పాటని ఆరు గంటల పాటు వరుసగా వాయించారు. మొత్తం 105 సార్లు. ఒకే దిగులు పాట అన్నిసార్లు పాడితే అందులో దిగులు అరిగిపోతుందా, పెరుగుతుందా అన్నది మీరు కూడా ఏ ఆదివారమో కాసేపు రిపీట్‌లో పెట్టి చూసుకోవచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. దిగులు పాటలు దిగులున్నవాళ్ళకి తోడుగా ఉంటాయన్నది నిజమే. కానీ విన్న ప్రతిసారీ మనసు ఇంకా కిందకి జారుతోంటే, నిద్ర పట్టకపోతుంటే, ఆల్బమ్ ఆపేయండి. దగ్గరివాళ్ళతో మాట్లాడండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ నంబరు 14416 కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. బెర్నింగర్ ఆ చీకటి ఏడాది దాటింది ఒంటరిగా కాదు. వెనక బ్యాండ్, ఇంట్లోవాళ్ళు ఉన్నారు.

10. వేదిక మీద అదే పాట

స్టూడియో రూపం చెవికి ఎక్కాక, 2024 చివర్లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'రోమ్' పెట్టండి. ఇటలీలోని రోమ్‌లో రికార్డు చేసిన కచేరీ అది. మీరు విన్న 'యూకలిప్టస్', 'న్యూ ఆర్డర్ టీషర్ట్', 'ట్రాపిక్ మార్నింగ్ న్యూస్', 'ఫేక్ ఎంపైర్', 'స్మోక్ డిటెక్టర్' అన్నీ అందులో ఉన్నాయి. వరుసగా వినే ముందు పోలిక కోసం రెండు జతలు వినండి. మొదట స్టూడియో 'యూకలిప్టస్', వెంటనే రోమ్ 'యూకలిప్టస్'. స్టూడియోలో లోపలికి పెట్టుకున్నదాన్ని వేదిక మీద ఎంతవరకు బయటపెట్టారో, ఆ జాబితా చివర గొంతు ఏమవుతుందో గమనించండి. తర్వాత రెండు 'ట్రాపిక్ మార్నింగ్ న్యూస్'లు, ఈసారి పూర్తిగా బ్రయన్ చేతుల మీద దృష్టి పెట్టి: స్టూడియోలో గీత గీసినట్టు సాగిన లయ ఎక్కడ బరువెక్కింది, స్నేర్ (చురుగ్గా పగిలే చిన్న డ్రమ్) దెబ్బ ఎక్కడ మారింది, హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే తాళాల జత) ఎప్పుడు తెరుచుకుంది.

కచేరీ చివరి పాట 'వాండర్‌లైల్ క్రైబేబీ గీక్స్' మాత్రం మిగతా మొత్తం విన్నాకే వినండి. దాన్ని మైకులు, యాంప్లిఫయర్లు లేకుండా ఉత్త గిటార్లతో వాయించి, పాడే పని ప్రేక్షకులకి అప్పగించడం ఈ బ్యాండ్ ఏళ్ళుగా పాటిస్తున్న ఆచారం. అందులో డ్రమ్స్ ఉండవు. ఆ పాటకి మాటలు ముందే నేర్చుకుని వెళ్ళండి.